నలభై దాటకు

ఆ రోజు పొద్దున బండి కింద పరిచిన పాత పేపరు పొడిగా ఉంది. ఒక్క నూనె చుక్క కూడా లేదు. రోజూ రాత్రి ఇంజన్ కింద పేపరు పరిచి, లేవగానే చూడమన్నది చిన్నాయనే. ఈ కబురు చెబుదామని ఫోన్ తీశాను. అంతలో అదే మోగింది.

"చిన్నాయన పోయిండు బిడ్డా. నిద్రలనే పోయిండు," అన్నాడు పెద్దనాయన. "ఎండ ముదరకముందే ఎత్తుతం. బస్సెక్కి బిరాన రా."

చిన్నాయనది మోత్కూరులో రేకుల షెడ్డు, బండ్ల రిపేరు. నేనుండేది భువనగిరిలో. నేను పాఠాలు చెప్పే పల్లెకు బస్సులు తక్కువ. బాపు పోయాక ఆయన బండి పిస్టన్ పట్టేసి ఇంటి వెనక పడి ఉంది. పెద్దనాయన దాన్ని పాత సామానువాడికి వేసేయమన్నాడు. బాగు చేసుకుని నేనే నడుపుతానన్నాను.

"పుస్తకాల పురుగు ఇంజన్ ఇప్పుతదట!" అని నవ్వాడాయన.

"ఇప్పుతది," అన్నాడు చిన్నాయన, చేతిలో పని ఆపకుండా. "పుస్తకం సదివెటోళ్ళకు ఓపికుంటది. గీ పనికి గదే కావాలె. నీకు లేదు గద అన్నా, నీ బండిని చూస్తేనే ఎర్కైతది."

ఎండాకాలం సెలవులన్నీ ఆ షెడ్డులోనే గడిచాయి. భువనగిరిలో లేతు మిషన్ మీద లోపలి గోడ అరగదీయించి బోరు చేయించిన సిలిండర్‌ను నా బడి సంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చాను. కొత్త పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. దాని చుట్టూ వేసే రింగుల సందులు ఒకే వరుసలోకి రాకూడదు. చిన్నాయన పక్కన కూర్చుని చెప్పేవాడు, చేతులు మాత్రం నావే. సిలిండర్ దించుతుంటే రింగు కోసుకుని వేలు తెగింది.

"గట్టిగ నూకకు. నీ వేలు రేపటికి మానుతది. రింగు ఇరిగితె మానదు," అన్నాడు.

మా ఇంట్లో నన్ను పనిమంతురాలిగా చూసిన మనిషి ఆయనొక్కడే.

మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు షెడ్డు ముందు చాయ్ తాగేవాళ్ళు గుమికూడారు. "ఏందన్నా, పొల్లతోటి కిక్కు కొట్టిస్తున్నవ్?" అన్నాడొకతను.

"దాని బండి, అది కొడతది. మీ చాయ్ మీరు తాగుర్రి."

ఇంజన్ అందుకున్నాక ఆయన నా వెనక కూర్చున్నాడు. ఆలేరు రోడ్డు పట్టాం. వేగం పెరిగితే చాలు, నా భుజం మీద వేలితో తట్టేవాడు.

"కొత్త పిస్టన్, కొత్త బోరు. రెండు ఒకదానికొకటి అలవాటు గావాలె. ఐదొందల కిలోమీటర్లు నలభై దాటకు. ఒక్కతీరుగ గూడ తోలకు, జర పెంచు, జర తగ్గించు. ఐదొందలు గాంగనే తీస్కరా, ఆయిల్ మారుద్దాం."

ఒక కుర్రాడు కేక వేస్తూ మమ్మల్ని దాటిపోయాడు. "పోనియ్యి బిడ్డా," అన్నాడు చిన్నాయన. "ఆడు పోయే దిక్కు మనం పోతలేం."

ఆ పొద్దున నేను బస్సెక్కలేదు. బండే తీశాను. ఐదొందలు ఇంకా కాలేదు. ఊరు దాటగానే చెయ్యి తనంతట తనే యాక్సిలరేటర్ తిప్పబోయింది. ముఖం కూడా చూడనీయకుండా తీసుకుపోతారేమో. ఈ ఒక్కరోజుకు ఏమవుతుంది? భుజం మీద ఏ వేలూ తట్టలేదు. అయినా నలభై దాటలేదు. లారీలు హారన్ కొట్టుకుంటూ నన్ను దాటాయి, ఆటోలు కూడా దాటాయి. సగం దారిలో, ఆయన చెప్పినట్టే, ఇంజన్ చల్లారడానికి నిమ్మతోట పక్కన ఆపి నిలబడ్డాను. సంచిలో ఫోన్ మోగుతూనే ఉంది. ఏడుపు అక్కడే వచ్చింది.

షెడ్డు ముందు పాడె ఇంకా నేలమీదే ఉంది.

"చిన్నాయన పోతె గింత నిమ్మళంగ వస్తవా?" పెద్దనాయన అందరిముందూ అరిచాడు. "బస్సెక్కమంటె బండేస్కొచ్చినవ్!"

పాడె కర్రను పట్టుకుని కూర్చున్న చిన్నమ్మ తలెత్తింది. "నేనే ఆపిన బావా. ఫోన్ ఎత్తుతలేదంటెనే అనుకున్న, బండి మీదున్నదని. గది నలభైలనే వస్తది. గట్ల రమ్మన్నది గీ మనిషే."

చిన్నాయన ముఖం తనివితీరా చూశాను. 

దినం నాడు భోజనాల దగ్గర పెద్దనాయన మళ్ళీ ఎత్తుకున్నాడు. "మెకానిక్కే పాయె. ఇంక గా బండి అమ్మెయ్యి."

నేను చదివిన కాన్వెంటులో సిస్టర్లు నాకు మెల్లగా మాట్లాడడం నేర్పారు. ఆ రోజు పంక్తి చివరిదాకా వినపడేట్టు చెప్పాను. "అమ్మను."

ఆలస్యంగా వచ్చానని చుట్టాలు ఇప్పటికీ అంటారు. అననీ. ఆ పొద్దున మళ్ళీ వచ్చినా నలభైలోనే వెళ్తాను.

ఐదొందలు పూర్తయిన రోజు చిన్నమ్మ షెడ్డు తాళం తీసింది. ఆయిల్ నేనే దించాను. నల్లటి నూనెలో సన్నని వెండి పొడి మెరిసింది. పిస్టన్, బోరు ఒకదానికొకటి అలవాటు పడుతూ రాల్చుకున్న పొడి అది. గుమ్మంలో నిలబడి చిన్నమ్మ కూడా చూసింది.

చిన్నాయన కుడికాలు చిన్నప్పుడే పోలియోతో చచ్చుబడింది. నా వెనక కూర్చోవడమే తప్ప ఆయన ఎన్నడూ బండి నడపలేదు.