నాన్నకి గోడకుర్చీ

బీఎడ్ ట్రైనింగులో సుద్దముక్క పట్టుకున్నప్పుడల్లా, ఆ వాసనకి నాన్న కాళ్లు గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

నాలుగో తరగతిలోనే హైస్కూల్ ఇంగ్లీషు టీచర్ని అయిపోవాలనుకున్నాను. పిల్లలు భయపడితేనే టీచరని నా నమ్మకం. పోర్టులో బస్తాలు మోసి వచ్చిన నాన్నని, నేను బోర్డుగా చేసుకున్న తలుపు ముందు నిలబెట్టి, వారాల పేర్లు ఇంగ్లీషులో చెప్పమన్నాను. ఆయనకి రాలేదు. గోడకుర్చీ వేయించాను. తొడలు వణుకుతుంటే నటిస్తున్నాడనుకుని పకపకా నవ్వాను.

"తప్పయిపోనాది టీచరమ్మా, రేపు నేర్సుకొస్తాను," అన్నాడు.

మర్నాడు గుమ్మంలోనే, కాళ్లయినా కడుక్కోకుండా, ఏడు పేర్లూ గడగడా చెప్పేశాడు. పోర్టులో గుమస్తాని అడిగి నేర్చుకున్నాడట.

"పాసైపోనానా టీచరమ్మా?" అని ఆశగా చూశాడు.

వెంటనే నెలల పేర్లు అడిగాను, మళ్లీ గోడకుర్చీ వేయించాలని.