కృష్ణలో ఉతికిన చొక్కా

"ఈ చొక్కా కాస్త ఉతికి పడెయ్యవే. వేసుకుంటే ఒళ్ళంతా మండుతోంది."

"రేపు ఉతుకుతాలే. ఒక్క రోజుకి చచ్చిపోవు."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. తెల్లారేసరికి పోయాడు. గుండె అన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా మాట ఒక్కటీ వినని మనిషి, చచ్చిపోవు అంటే అదీ వినలేదు.

మీరు మొహాలు వేలాడేసుకోకండి. ఇది ఏడుపు కథ కాదు. ఆ ఉతకని చొక్కాతో నేను ఒక ఏసీ బస్సునీ, ఒక వాగునీ, బ్రాడీపేటలో పిల్లలకి పాఠాలు చెప్పుకునే మాస్టార్లనీ ఎట్లా తగలబెట్టానో చెప్పే కథ. నేను చెబుతున్నా, మా అన్నయ్య కూతురు సునీత రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుంటే వచ్చు, అంతకు మించి రాదు. సునీత ఆ రోజు నా పక్కనే ఉంది కాబట్టి నేను కోతలు కోస్తే పెన్ను ఆపేస్తుంది. ఇప్పటికే ఒకసారి ఆపింది, "బస్సుని ఎక్కడ తగలబెట్టావత్తా" అని. నిప్పు లేకుండా కూడా తగలబెట్టొచ్చు, నువ్వు రాయి.

మా ఆయన పేరు యేసోబు. ఉన్నన్నాళ్ళూ పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు పిలుస్తున్నా, ఏం చేస్తాడు. మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు. నేను కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల ముచ్చికలు, అదే తొడిమలు, తీసేదాన్ని, ఇప్పటికీ తీస్తున్నా. మా ఇంట్లో కారం డబ్బాలో ఉన్నదానికంటే మా ఒంటి మీద ఉన్నదే ఎక్కువ. చుట్టాలొస్తే గుమ్మంలోనే తుమ్మేవాళ్ళు. నాకు మాత్రం ఏమీ తెలిసేది కాదు. నా ముక్కుకి అన్ని వాసనలూ తెలుస్తాయి గానీ మిరప ఘాటు ఒక్కటే తెలియదు. ఎప్పుడో మొద్దుబారిపోయింది. ఈ ముక్కు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు పని పడుతుంది.

ఆయన పోయాక ఆ ఖాకీ చొక్కా నేను ఉతకలేదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి తలగడ కింద పెట్టుకున్నా. కాలరు దగ్గర ఆయన వాసన ఉండేది. చెమట, కొబ్బరినూనె, చుట్ట పొగ. గొప్ప సువాసనేం కాదు. మనిషున్నప్పుడు "అవతలికి జరుగు" అని నేను మొహం తిప్పుకున్న వాసనే. కానీ మిగిలింది అదొక్కటే గనక, పడుకోబోయే ముందు కవరు విప్పి ఒకసారి చూసుకుని గబగబా కట్టేసేదాన్ని, ఎక్కడ అయిపోతుందో అని.

ముందటేడు చలికాలంలో సునీత వచ్చింది.

"అత్తా, మా కోచింగ్ సెంటర్ వాళ్ళం టూరు పోతున్నాం. ఒక మేడమ్ రానంది, సీటు ఖాళీగా ఉంది. నువ్వు రా."

"ఎక్కడికి, సువార్త సభలకా?"

"సభలు కాదు. కొండల్లో వాగుకి గుండాలుంటాయి, వాటిల్లో ఈత కొడతాం. మధ్యాహ్నం కృష్ణలో రబ్బరు పడవ మీద పోతాం. గైడు ఉంటాడు, అన్నీ చూపిస్తాడు."

"నీళ్ళల్లో దిగడానికి అంత దూరం పోవాలా? మన కాలవ ఏం పాపం చేసింది?"

"సరదాకి అత్తా."

"బాప్తిస్మం తీసుకున్నప్పుడు తప్ప నేను నీళ్ళల్లో దిగింది లేదే."

"అప్పుడు పాస్టరుగారు పట్టుకున్నారు, ఇప్పుడు గైడు పట్టుకుంటాడు. పద."

చీర పనికిరాదంట, కాళ్ళకి చుట్టుకుంటుందంట. సునీత నాకు నైలాను ప్యాంటొకటీ, పొట్టి చేతుల చొక్కా ఒకటీ తెచ్చింది.

"మోచేతులు కనపడతాయే."

"నీ మోచేతులు ఎవరు చూస్తారత్తా?"

"చూడకపోతే పోనీ. కనపడకూడదు."

అదిగో, అక్కడ నా బుర్ర పని చేసింది. నా బుర్ర పని చేసినప్పుడల్లా ఎవరో ఒకరికి నష్టమే. ఆయన చొక్కా నిండు చేతులది. పైగా ఆయన యార్డుకీ ఇంటికీ తప్ప ఎటూ పోయింది లేదు. రానీ, ఆయన కూడా చూస్తాడు అనుకున్నా. కవరుతో సహా సంచిలో పెట్టుకున్నా.

బస్సు చిన్నది, అద్దాలన్నీ బిగించి ఉన్నాయి, లోపల చలి. నరసరావుపేట దాటాక చొక్కా నలిగిపోతుందేమో అని సంచి తీసి, కవరు విప్పి, ఒకసారి దులిపి మళ్ళీ మడతపెట్టా. అంతే. నా ముందు సీట్లో ఫిజిక్స్ మాస్టారు తుమ్మారు. సన్నటి మనిషి, తుమ్మితే కళ్ళజోడు ఒళ్ళో పడింది. ఆయన వెనక సునీత తుమ్మింది. ఆ తర్వాత బస్సంతా అందుకుంది. పందెం పెట్టినట్టు తుమ్ముతున్నారు. డ్రైవరు తుమ్మిన తుమ్ముకి బస్సు పత్తిచేలోకి పోయి వచ్చింది.

గైడు బస్సు ఆపించాడు. మెడలో విజిల్, నెత్తి మీద టోపీ, రాజేష్ అని పేరు. "ఏసీ గ్యాస్ లీకైంది, అందరూ దిగండి" అన్నాడు. దిగారు. ఫిజిక్స్ మాస్టారు రోడ్డు పక్కన నిలబడి గ్యాస్ అనేది ఎట్లా పాకుతుందో పాఠం చెప్పారు. నేను తలాడించా. ఈలోపు చొక్కా కవర్లో పెట్టి ముడేశా. మళ్ళీ ఎక్కితే ఎవరికీ తుమ్ము రాలేదు.

"చూశారా, సెట్ చేశా" అన్నాడు రాజేష్. ఏం సెట్ చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు.

వినుకొండ దాటి, మాచర్ల వైపు కొండల్లోకి పోయాం. వాగు రాళ్ళ మధ్యన గుండాలు గుండాలుగా ఆగి ఉంది. గుండం అంటే పెద్ద గోలెం లాంటి గొయ్యి. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నేను రాయి చాటున సునీత ఇచ్చిన చొక్కా మీద ఆయన చొక్కా తొడుక్కుని వచ్చా.

"మేడమ్, మీకు ఈత వచ్చా?" అన్నాడు రాజేష్.

నన్ను జన్మలో ఎవరూ మేడమ్ అనలేదు. ఎవర్నో అనుకుని వెనక్కి చూశా. "రాదు బాబూ. మునగడం వచ్చు."

"అయితే ఒడ్డు పక్కన రాయి పట్టుకుని నిలబడండి. ఛాతీ లోతే."

దిగా. చల్లగా ఉంది. చుట్టూ మాస్టార్లు పిల్లల్లాగా దూకుతున్నారు, నీళ్ళు చల్లుకుంటున్నారు. నా చుట్టూ నీళ్ళు కాస్త ఎర్రబడ్డాయి. చొక్కా రంగు పోతోంది అనుకున్నా. ఖాకీ చొక్కా ఎర్రరంగు ఎట్లా పోతుంది అని అడిగే బుద్ధి నాకుంటే ఈ కథే లేదు.

ముందు ఫిజిక్స్ మాస్టారు తొడ గోక్కున్నారు. "రాజేష్, ఇందులో ఏదో కుడుతోంది."

"చిన్న చేపలు సార్. సిటీలో దీనికి డబ్బులిచ్చి మరీ కాళ్ళు పెట్టించుకుంటారు."

"కళ్ళల్లో కూడా కుడతాయా?"

అప్పటికి రాజేష్ కూడా కన్ను నలుపుకుంటున్నాడు. కాసేపటికి అందరూ ఒడ్డుకి పడ్డారు. కళ్ళు మందారాలు, ముక్కులు కుళాయిలు. ఎవరికి వాళ్ళు వీపు రాయికేసి రుద్దుకుంటున్నారు, దూడల్లాగా. కొందరు కళ్ళు కడుక్కోడానికి మళ్ళీ అదే గుండంలో మొహం పెట్టారు. ఒక్క నేనే నిక్షేపంగా ఉన్నా. అయ్యో పాపం అనిపించి సలహా ఇచ్చా.

"నీళ్ళతో కడగమాకండి, ఇంకా ఎక్కువవుతుంది. పెరుగు పెట్టండి. మా యార్డులో ఇంతే చేస్తాం."

అందరి కోసం తెచ్చిన పెరుగన్నం డబ్బాలు తీశారు. ఎవరికీ తినే ఓపిక లేదు, మొహాలకీ చేతులకీ పట్టించుకున్నారు. బండల మీద వరసగా పడుకుంటే పెరుగు గారెలు ఆరబోసినట్టున్నారు. మెతుకులు అంటుకుని కాకులు కూడా వచ్చాయి.

మండటం కాస్త తగ్గాక సునీత లేచి కూర్చుంది. ఒక కన్నే తెరుచుకుంది. ఆ కన్ను నా మీద పెట్టింది.

"అత్తా, ఇది కారం అని నీకెట్లా తెలుసు?"

"చూస్తే తెలియట్లా?"

"ఇక్కడ యార్డు లేదు. చేను లేదు. కారం ఎక్కణ్నుంచి వచ్చింది?"

నేను ఆలోచించా. నిజంగానే ఆలోచించా, ఒట్టు. సునీత దగ్గరికొచ్చి చొక్కా చెయ్యి వాసన చూసింది. చూసి రెండో కన్ను కూడా మూసుకుంది.

"ఎవరిది ఇది?"

"మీ మామయ్యది."

"ఉతికావా?"

పెరుగు మొహాలన్నీ నా వైపు తిరిగాయి.

రాజేష్ లేచాడు. "మేడమ్, అది విప్పి ఇటివ్వండి. నాలుగు జాడింపులు జాడిస్తే పోతుంది."

"జాడించడానికి వీల్లేదు."

"ఎట్లాగూ తడిసింది కదా."

"కాలరు తడవలేదు."

అది నిజం. ఛాతీ లోతులోనే నిలబడ్డా కదా, కాలరు పొడిగా ఉంది. ఆయన వాసనంతా కాలర్లోనే ఉంది. ఈ ముక్క అంతమంది ముందు ఎట్లా చెబుతాను? సునీత చెవిలో చెప్పా. అది కాసేపు నన్ను చూసి, "పోనీ విప్పి బస్సులో పెట్టత్తా" అంది మెల్లిగా.

బస్సు మమ్మల్ని కృష్ణ ఒడ్డున దింపి, పడవ చేరే చోటికి ముందుగా పోతుంది. డ్రైవరు చేతులు జోడించాడు. "అమ్మా, దాంతో ఒంటరిగా నేను పోలేను. పెడితే మాత్రం దార్లో పారేస్తా, ముందే చెబుతున్నా."

పారేస్తానన్నవాడి దగ్గర పెడతామా? "నా ఒంటి మీదే ఉంటుంది" అన్నా. ఎక్కించుకోను అన్నాడు రాజేష్. ఫిజిక్స్ మాస్టారే అడ్డం పడ్డారు. "రానివ్వండి. దాన్లో ఉన్నదంతా మాకు పట్టేసింది. ఇంక మిగల్లేదు."

నది ఒడ్డున అందరికీ తలా ఒక లైఫ్ జాకెట్ తొడిగి, తలా ఒక తెడ్డు ఇచ్చారు. నేను ప్లాస్టిక్ కవరు చింపి కాలరు చుట్టూ చుట్టుకున్నా. మెడ తిప్పితే కరకరలాడుతోంది. పళ్ళెంలో నూనె మోస్తున్నదాన్లాగా నిటారుగా కూర్చున్నా.

"విజిల్ వేస్తే అందరూ కిందికి వంగాలి" అన్నాడు రాజేష్. "మేడమ్, మీకే చెప్పేది. వంగాలి."

"వంగితే తడవదా?"

"రాఫ్టింగ్ అంటే తడవడమే మేడమ్."

ఈ సంగతి ఒక్కళ్ళైనా ముందు చెప్పారా?

కాసేపు బాగానే పోయింది. రెండు పక్కలా కొండలు, పైన కొంగలు. ఆయన కూడా చూస్తున్నాడులే అనుకున్నా. ఇంతలో ముందు రాళ్ళు, రాళ్ళ మధ్య తెల్లగా ఉడుకుతున్న నీళ్ళు. రాజేష్ విజిల్ వేశాడు. అందరూ వంగారు. పడవ ముక్కు కిందికి దిగింది, ఎదురుగా నీళ్ళు గోడలా లేచాయి. వంగితే నెత్తి మీదుగా పోతాయి, కాలరు తడుస్తుంది. అందుకని నేను లేచి నిలబడ్డా.

నది మధ్యలో, రబ్బరు పడవలో, లేచి నిలబడ్డా.

"కూర్చో అత్తా" అని సునీత అరవడం వినపడింది. పడవ పక్కకి ఒరిగింది. చేతికందింది పట్టుకున్నా. అందింది ఫిజిక్స్ మాస్టారు. ఇద్దరం కలిసే పోయాం.

నీళ్ళల్లో నాకు ఇంకేదీ గుర్తు రాలేదు. మెడ పైకెత్తాలి, అంతే. ఎత్తినకొద్దీ నీళ్ళు నెత్తి మీదుగా పోతున్నాయి. కవరు ఊడి నా కళ్ళముందే తేలుకుంటూ పోయింది. అప్పుడు రాజేష్ చెయ్యి చాపి దొరికింది పట్టుకుని లాగాడు. దొరికింది కాలరు. యేసోబు బతికున్నన్నాళ్ళూ ఆ కాలరు పట్టుకునే ధైర్యం యార్డులో మేస్త్రీకి కూడా లేదు. రాజేష్ దాన్ని పట్టుకుని నన్ను బస్తాని లాగినట్టు పడవలోకి లాగాడు. మాస్టార్ని మిగతావాళ్ళు లాగారు.

ఒడ్డు చేరాక చొక్కా విప్పి బండ మీద ఆరేశా. మోచేతులు కనపడ్డాయి. ఎవరూ చూడలేదు, సునీత చెప్పింది నిజమే. కాస్త ఆరాక కాలరు ముక్కు దగ్గర పెట్టుకున్నా. నాచు వాసన. ఇసక వాసన.

సునీత పక్కన కూర్చుంది. "పోయిందా అత్తా?"

"పోయింది."

"మొత్తమా?"

"మొత్తం. ఏ వాషింగ్ మిషనూ ఇంత బాగా ఉతకదు."

ఫిజిక్స్ మాస్టారు వచ్చారు, తడిసి ముద్దయి, కనుబొమ్మ మీద ఇంకా ఒక మెతుకుతో. నన్ను తిడతారేమో అనుకున్నా. ఆయన చొక్కా వైపు చూసి, "మీ ఆయనకి చెప్పకండమ్మా, కోప్పడతారేమో" అన్నారు.

"కోప్పడడండీ. ఉతకమంది ఆయనే."

"ఎప్పుడన్నారు?"

"పోయే ముందు రోజు."

మాస్టారు, కళ్ళజోడు నదిలో పోయింది గనక, చొక్కా ఎటుందో తడుముకుని, గాలికి ఎగరకుండా దాని మీద ఒక రాయి పెట్టి పోయారు.

ఇప్పుడు ఆ చొక్కా పనిలోకి వేసుకుపోతున్నా. మళ్ళీ కారం పట్టింది, ఏ రోజుకారోజు ఉతుకుతున్నా. చదివేవాళ్ళందరి ఎదుటా కుడిచెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నా: ఉతకని చొక్కాతో ఇక ఏ నీళ్ళల్లోనూ దిగను. నదిలో లేచి నిలబడను. మొగుడు చొక్కా ఉతకమంటే రేపనను. ఈ ఆఖరిది తప్పడం నా వల్ల కూడా కాదు గనక, దాన్ని లావు అక్షరాల్తో రాయి.

అయిపోయింది. ఏదీ సునీతా, మొదట్నుంచీ ఒకసారి చదువు. ఆయన అన్న మాట గట్టిగా చదువు. నేనన్నది మెల్లిగా.