మామ సమాధికి ఎర్ర రంగు

పెళ్లయిన కొత్తలో నేను గోదావరిఖని శ్మశానంలో రెండు కార్మిక సంఘాల మధ్య యుద్ధం రాజేశాను. బతికున్నవాళ్ల మధ్య ఎవరైనా రాజేస్తారు. నేను పోయినవాళ్ల మధ్య రాజేశాను. మీ పక్కన కొత్త అల్లుడెవరైనా ఉంటే కాస్త గట్టిగా చదవండి.

దీపావళి నాడు మా అత్తగారింటివాళ్లు పెద్దల సమాధులకు రంగు వేసి, వాటి ముందు కూర, కల్లు పెట్టి దీపాలు ముట్టిస్తారు. ఆ ఏడు రంగు పని నాకు అప్పగించారు. పోయిన మామ బొగ్గుబాయిలో ఎర్రజెండా యూనియన్ మనిషి. కాబట్టి ఎర్ర డిస్టెంపరే కొన్నాను.

"గేట్ల అడుగు పెట్టంగనే ఎడమ చేతి దిక్కు, గోడ పక్కపొంటి మొదటిదే. తెలుస్తదా బిడ్డా?" అంది అత్త.

"ఆ శ్మశానం నాకు అరచేయి లెక్క, అత్తా," అన్నాను. అప్పటికి దాని ప్రహరీ గోడ తప్ప నేనేమీ చూసి ఎరగను.

ఇక్కడ కాస్త చరిత్ర భరించాలి. పూర్వం ఈ శ్మశానం గేటు ఊరి బాట వైపు ఉండేది. ఓపెన్‌కాస్టు గని వచ్చి ఆ బాటను మింగేసింది. మున్సిపాలిటీవారు పాత గేటుకు గోడ కట్టేసి, సరిగ్గా వెనకవైపు కొత్త గేటు తెరిచి, పెళ్లి మండపానికి కట్టినంత ఆర్చీ కట్టారు. లోపల పడుకున్నవాళ్లకు మాత్రం ముఖద్వారం మారిన సంగతి ఎవరూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. పేర్లు చూసుకోవచ్చు కదా అంటారా? ఏటేటా పూసిన రంగుల కింద పేర్లు కూడా ఎప్పుడో సమాధి అయ్యాయి.

ఆర్చీ కింద నుంచి దర్జాగా వెళ్లి, ఎడమవైపు మొదటి సమాధిని పండు మిరపకాయలా చేసి, నడుం మీద చేయి పెట్టుకుని నిలబడ్డాను. సాయంత్రం అత్త, నా భార్య సరోజ గంపలతో వచ్చారు. అత్త నన్ను దాటుకుని ఆ చివరికి పోయి ఆగింది.

"అల్లుడా, మీ మామ ఈడున్నడు. ఆడ ఎవలకేసినవ్?"

ఆమె లెక్కలో గేటంటే నేటికీ పాత గేటే. సమాధి అలకగానే పండగ కాదని నాకప్పుడు తెలిసింది.

"అది మా ఇంటాయనది," అని వెనక నుంచి వినిపించింది. తిరిగి చూస్తే తెల్ల డిస్టెంపర్ బకెట్‌తో ఒక పెద్దావిడ.

సరోజ నా చెవిలో గొణిగింది: "లచ్చవ్వ. ఆమె పెనిమిటి అవుతలి యూనియన్ లీడర్. మా నాయినకు, ఆయనకు పచ్చగడ్డేస్తె భగ్గుమంటుండె."

లచ్చవ్వ ఎర్ర సమాధిని పైనుంచి కిందికి చూసింది. "బతికినన్ని దినాలు గుంజి చూసిన్రు, మీ జెండ కిందికి రాలే. సచ్చినంక చేర్చుకున్నరా, వదినె?"

"మా అల్లుడు ఈడోడు కాదు, జ్యోతినగర్ పిలగాడు, లచ్చవ్వా. శ్మశానం అరచేయి లెక్క అన్నడు."

"అరచేయి సరే, నోట్లె నాలుక లేదా? ఎవలనన్న అడగొద్దా? నా కొడుకులు పటాకులు కొనుక్కొని వస్తున్నరు. ఈ ఎరుపు ఆళ్ల కండ్ల పడ్డదంటే మీ అల్లునికి ఈడనే జాగ చూడాలె."

జాగా అంటే ఎలాంటి జాగానో వివరంగా అడగలేదు. ఆమె బకెట్ లాక్కుని తడి ఆరని ఎరుపు మీద తెలుపు కుమ్మాను. తెలుపు పడలేదు. నిగనిగలాడే గులాబీ తేలింది. బ్రష్ ముంచీ ముంచీ బకెట్ కూడా గులాబీ అయింది. నా ఎర్ర డబ్బా అప్పటికే ఖాళీ.

"మరి మీ మామను ఉత్తగనే ఉంచుతవా? ఉన్నదే పుయ్యి," అంది అత్త. పూశాను.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. పొద్దున ఏదో ఒక కండువాతో లేచిన లీడరు, రాత్రికి గులాబీ కండువాతో పడుకునేవాడు. లచ్చవ్వ కొడుకులు వచ్చారు. ఈ సమాధిని చూశారు, ఆ సమాధిని చూశారు. నేను బ్రష్‌ను వీపు వెనక దాచుకున్నాను.

"అవ్వా, వీళ్లిద్దరు ఎప్పుడు కలిసిన్రే?" అన్నాడు పెద్దోడు.

"కలువలే బిడ్డా," అంది లచ్చవ్వ, దీపం ముట్టిస్తూ. "ఇద్దరు పార్టీ మారిన్రు."

మర్నాడే గోదావరిలో నిండా మునిగి, తడి బట్టలతో ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ సమాధికైనా రంగు వేయాల్సి వస్తే, ముందు లోపలి మనిషిని లేపి పేరు అడుగుతాను. లేచి చెప్పాడా, నేను అక్కడ ఉండను. చెప్పలేదా, బ్రష్ ముట్టను.