జాజు పూసిన పిల్లలు, నా ప్రోటీన్

హైదరాబాద్ల పీహెచ్‌డీకి నాలుగేండ్లు ఒక్క ప్రోటీన్ మీదనే పనిజేసిన. మనిషి జీన్ ఒకటి దాన్ని తయారుజేస్తది. కణంల అక్కెర లేని జీన్లను సప్పుడు జెయ్యనియ్యకుంట ఉంచుడు దాని పని. వైవాకు వారం ముందు రిహార్సల్ పెడితే, మా గైడ్ మేడం పది నిమిషాలు విని, "అన్నీ చెప్తున్నవ్ గానీ అసలు సంగతి చెప్తలేవు. గిట్లనే చెప్తే డిగ్రీ రాదు" అన్నది. నాకు ఏడుపొక్కటే తక్కువ. రైలెక్కి తాండూరుల దిగి, షేర్ ఆటోల పెద్దేముల్ దిక్కు మా ఊరికి పోయిన.

మాది గొర్లు కాసే ఇల్లు. పొద్దున మంద తోలేముందు నాయిన చిన్న గొర్రెపిల్లల వీపుకు ఎర్రజాజు మట్టి పూస్తడు. జాజున్నది ఇంటికాడనే ఉండాలె. దొడ్డి వాకిట్ల అమ్మ నిలబడి, జాజు కనబడంగనే లోపలికి నూకుతది. నేను పోయిన తెల్లారి అమ్మ వికారాబాద్ పోయింది. వాకిలి నాకప్పజెప్పిండ్రు.

"ఇంతకు నువ్వు చదివేదేంది బిడ్డా?" అన్నడు నాయిన.

అడుగుడే ఆలస్యం, షురూ జేసిన. "డీఎన్‌ఏ దారం ప్రోటీన్లకు చుట్టుకొని ఉంటది నాయినా, దాన్నే క్రోమాటిన్ అంటరు..." చేతులు తిప్పుకుంట చెప్తుంటే జాజు పిల్ల ఒకటి నా కాళ్ల సందులకెల్లి ఉరికింది. దాని ఎనక ఇంకో పది. సీదా పక్కోళ్ల కందిచేన్లకు!

"అగ్గో! కండ్లు యాడ వెట్టినవే? చూసెటోళ్లు లేకుంటే జాజు పూసి ఏం ఫాయిదా?" అని నాయిన ఒకటే మొత్తుకునుడు.

ఎంట ఉరుకుతుంటే చెప్పు తెగి బోర్లవడ్డ. పడ్డకాడనే నవ్వు. ఓర్నీ, అసలు సంగతి గిదే గదా! జీన్ల మీద గుర్తు పెట్టేది వేరే ప్రోటీన్. నా ప్రోటీన్ ఆ గుర్తును చూసి పట్టుకుంటది, తనసొంటివి ఇంకిన్ని వచ్చి ఒకదాన్నొకటి పట్టుకుంటయి, దారం దగ్గరికి ముడుసుకుంటది, ఆడున్న జీన్లు సప్పుడు జెయ్యయి. అది లేకుంటే గుర్తుండి కూడ దండుగ. నాలుగేండ్లు కంప్యూటర్ల చూసింది కందిచేన్ల మనసుకెక్కింది. మస్తు సంబురమైంది.

వైవాల పెద్ద ప్రొఫెసర్ ఒకాయన, "గుర్తు ఉండనే ఉన్నది, మళ్లీ ఈ ప్రోటీన్ ఎందుకు?" అని గదే అడిగిండు. మా దొడ్డి ముచ్చట మొత్తం చెప్పిన. గది గదంత నవ్వింది, ఆయన సంతకం పెట్టిండు.

బయటికి రాంగనే ఫోన్ జేసిన. "నాయినా, పాసైన!"

"నువ్వు పాసైతవని నాకెర్కనే బిడ్డా. మరి ఆళ్లకు సమజైందా?"