పార్కింగ్‌లో పడని గీత

నలభై ఆరేళ్ళ వయసులో కారు నేర్చుకున్నాను. లైసెన్సు వచ్చాక కూడా మా ఆయన పక్క సీట్లో కూర్చుంటే నా అరచేతులకు చెమటలు పట్టేవి. ఆయన పోర్టులో ఉద్యోగి. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. తిట్టే మనిషి కాదు. కానీ నేను బ్రేకు వెయ్యాల్సిన చోటు రాకముందే తన కాలి కింది మ్యాటును గట్టిగా తొక్కేవారు. దాంతో నాకున్న కాస్త ధైర్యమూ పోయేది.

నిజానికి నాకు బండి వెనక్కి తీయడం నేర్పింది ఒక పార్కింగ్ మనిషి. నేను పాఠాలు చెప్పే బడికి దగ్గర్లో, బట్టల దుకాణాల వెనక ఉన్న ఖాళీ స్థలాన్ని ఒక కాంట్రాక్టరు వేలంలో పాడుకుని పార్కింగ్ నడిపేవాడు. అక్కడ చీటీలు చింపి ఇచ్చే ఆయనకు అరవై దాటి ఉంటాయి. తలకు తువ్వాలు, మెడలో ఈల.

"గాబరా పడకండమ్మా. నాను సూత్తన్నాను గదా. అద్దంలో నన్నే సూడండి. రానీండి... రానీండి... సాలు."

వెనక ఎన్ని హారన్లు మోగినా చెయ్యెత్తి వాళ్ళను ఆపేవాడు. నేను మూడుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పుకున్నా విసుక్కునేవాడు కాదు. నా పుట్టిల్లు ఎలమంచిలి పక్కనేనని తెలిశాక, తోటివాళ్ళతో "మనూరి ఆడపిల్ల" అని చెప్పుకున్నాడు.

ఒక శనివారం మధ్యాహ్నం జవాబు పత్రాలు ఇచ్చేసి బడి నుంచి బయటికి వస్తూ గేటు స్తంభానికి కారు తగిలించాను. ఎడమవైపు వెనక తలుపు నుంచి చక్రం దాకా గీసుకుపోయి సొట్ట పడింది. ఆ వారమే గేటుకు ఆకుపచ్చ రంగు వేశారు. వాచ్‌మన్ భోజనానికి వెళ్ళాడు. చూసినవాళ్ళు లేరు. దిగి, గుడ్డతో తుడిచాను. అంటుకున్న రంగు కొంత పోయింది గానీ సొట్ట ఎక్కడికి పోతుంది? దారిలో కూరలు కొనడానికి ఆ పార్కింగ్‌లోనే ఆగాను. దెబ్బ కనబడకుండా ఎడమవైపు గోడకు ఆనించినట్టుగా బండి పెట్టుకున్నాను.

ఇంటికి రాగానే మా ఆయన చూడనే చూశారు.

"ఎక్కడ గుద్దావు?"

ఎవరు గుద్దారని అడగలేదు. ఎక్కడ గుద్దావు అని అడిగారు. నాకు రోషం వచ్చింది. "నేనెక్కడా గుద్దలేదు. పార్కింగ్‌లో పెట్టి కూరలు తెచ్చుకునేసరికి ఇలా ఉంది" అన్నాను.

అంతటితో పోతుందనుకున్నాను. కానీ ఆ రోజుల్లో ఆయన ఫోనుకు పార్కింగ్ మోసాల వీడియోలు తెగ వస్తుండేవి. బండికి వాళ్ళే గీత పెట్టడం, తెలిసిన షెడ్డుకు పంపించి వాటా తీసుకోవడం, లేని దెబ్బ చూపించి మీరే గుద్దారని డబ్బు గుంజడం.

"ఇదీ అదే. రేపొద్దున్నే వెళ్దాం పద" అన్నారు.

"వద్దులెండి, చిన్నదే కదా."

"నీలాంటివాళ్ళు ఊరుకోబట్టే వాళ్ళట్లా తయారయ్యారు."

మర్నాడు మమ్మల్ని చూసి ఆ పెద్దాయన నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఏటమ్మా, ఆదివారం కూడానా?" మా ఆయన నేరుగా ఆయన్ని కారు ఎడమవైపుకు తీసుకెళ్ళారు. తెల్లటి కారు మీద ఆ గీతలో పోర్టు బొగ్గు దుమ్ము చేరి, మరింత కొట్టొచ్చినట్టు కనబడుతోంది. పెద్దాయన గొంతుక్కూర్చుని చూశాడు.

"అయ్యో, గట్టిగానే తగిలింది. మీరేటీ అనుకోపోతే బాబూ, మా అల్లుడికి గోపాలపట్నంలో డెంటింగ్ షెడ్డుంది. నాను సెప్తే కనపడకుండా సేసిత్తాడు."

సాయం చేద్దామని అన్న మాట అది. మా ఆయనకు మాత్రం వీడియోలో చూసింది కళ్ళ ముందు జరుగుతున్నట్టే ఉంది. "విన్నావా? షెడ్డు కూడా సిద్ధంగా ఉంది!" అని గట్టిగా అరిచారు. దొంగలన్నారు, కుమ్మక్కన్నారు. జనం మూగారు. కాంట్రాక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"నా డ్యూటీలో ఏ బండికీ దెబ్బ తగల్లేదు బాబూ" అన్నాడు పెద్దాయన. "అమ్మనడగండి. రోజూ నానే దగ్గరుండి పెట్టిత్తాను."

అలా అంటూనే వేలి కొసతో గీతను రుద్దాడు. వేలికి ఆకుపచ్చ పొడి అంటింది. ఆ స్థలంలో కడ్డీలన్నీ పసుపు, నలుపు. ఆకుపచ్చది ఒక్కటీ లేదు. ఆయన తన వేలిని చూసుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు. నిజం చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఉంది.

"నిన్న పెట్టేటప్పుడు బాగానే ఉంది" అన్నాను.

ఆయన వేలిని లుంగీకి తుడుచుకున్నాడు. "ఐతే నానే సూసుకోలేదేమోనమ్మా."

కాంట్రాక్టరు చీటీల పుస్తకం లాక్కుని, రేపట్నుంచి రావొద్దన్నాడు. పెద్దాయన మెడలోని ఈల కూడా తీసి ఆ పుస్తకం మీద పెట్టి వెళ్ళిపోయాడు.

తర్వాత మా ఆయన ఈ సంగతి అందరికీ చెప్పడం మొదలుపెట్టారు. మోసాన్ని ఎలా పట్టుకున్నారో, షెడ్డు మాట రాగానే తనకెలా వెలిగిందో. మొదటిసారి విన్నప్పుడు వంటింట్లోకి వెళ్ళిపోయాను. రెండోసారి తల ఊపాను. మూడోసారి ఆయన స్నేహితులు ఇద్దరు భోజనానికి వచ్చినప్పుడు, పప్పు వడ్డిస్తూ అనేశాను. "అది నేనే తగిలించాను. బడి గేటుకి."

ఆ భోజనం ఎలా ముగిసిందో చెప్పలేను. వాళ్ళు వెళ్ళాక మా ఆయన ఒక్కటే అన్నారు. "నా నోటితో ఆ మనిషిని అన్ని మాటలు అనిపించావు." రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే కారు తాళాలు తీసి "పద" అన్నారు.

గోపాలపట్నంలో షెడ్డు వెతుక్కుని వెళ్ళేసరికి, పెద్దాయన ఒక ఆటో తలుపును గరుకు ఎమెరీ కాగితంతో రుద్దుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి, నాకు స్టూలు జరిపాడు. నేను కూర్చోలేదు. జరిగింది చెప్పాను.

"తెలుసమ్మా. ఆ రోజే తెలిసింది."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?" అన్నారు మా ఆయన.

"నాను సెప్తే మీరు నమ్ముతారా బాబూ? అమ్మ సెప్పాల." తర్వాత నావైపు తిరిగాడు. "ఇప్పుడింత దూరం ఒచ్చారు. ఆ రోజు అడుగు దూరంలో ఉన్నారు గదమ్మా."

మా ఆయన చేతులు జోడిస్తే పెద్దాయన వాటిని పట్టుకుని కిందికి దించేశాడు. "మీరేటి సేత్తారు బాబూ, మీకు తెలీదు గదా." నాతో ఆ మాట అనలేదు. అనడానికి వీల్లేదు కూడా.

"మిమ్మల్ని మళ్ళీ పనిలో పెట్టుకోమని అడుగుతాను" అన్నాను.

"పనికోసం కాదమ్మా. అక్కడ నాతో పన్సేసినోల్లున్నారు. ఆల్ల ముందర సెప్పండి. సాలు."

మళ్ళీ కూర్చుని పని అందుకున్నాడు.

సోమవారం బడి వదిలాక ఒక్కదాన్నే నడిచి వెళ్ళాను. కాంట్రాక్టరూ, చీటీలిచ్చే ముగ్గురు మనుషులూ ఉన్నారు. వాళ్ళ ముందు మొత్తం చెప్పాను. కాంట్రాక్టరు నవ్వాడు. "సిన్న గీతకి ఎందుకు మేడమ్ ఇంత ఫీలైపోతన్నారు? ఆ ప్లేసులో మనిషిని పెట్టేసినాం. వొదిలీండి."

"ఆయన తప్పేమీ లేదని మీరు అనండి" అన్నాను. నావైపు వింతగా చూసి, "సర్లెండి, లేదు" అన్నాడు.

టీ గ్లాసు పట్టుకున్న ఒకతను నన్ను చూడకుండానే పక్కవాడితో అన్నాడు. "సెప్పినాను గదేటి బావా, ఆడు అలాటోడు కాదని." ఇద్దరూ లోపలికి వస్తున్న కారు వైపు వెళ్ళిపోయారు. వాళ్ళు ఆయన్ని ఎప్పుడూ అనుమానించనే లేదు. నేను కాసేపు అక్కడే నిలబడి, ఎవరూ పలకరించకపోతే, బస్‌స్టాప్ వైపు నడిచాను.