తాండూరు కోడలు ఏ వరుసలో నిలబడాలి

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి వేసవిలో నన్ను వికారాబాద్ జిల్లా పోలీసు కార్యాలయం నుంచి విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ విభాగానికి డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను ఇన్‌స్పెక్టర్‌ని. పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి పోస్టింగ్. వికారాబాద్‌లో విదేశీయుల నమోదు పని చూసేవాణ్ణి. ఎక్కువ కాలం ఉండే వీసా మీద వచ్చిన విదేశీయులు పేరు నమోదు చేయించుకుని నివాస అనుమతి తీసుకోవాలి. ఆ పని తెలిసినవాణ్ణని నన్ను విమానం దిగినవాళ్లు వచ్చే హాల్లో ఫ్లోర్ డ్యూటీకి వేశారు. కౌంటర్‌లో కూర్చుని పాస్‌పోర్టు మీద ముద్ర వేయడం కాదది. వచ్చినవాళ్లు సరైన వరుసలో నిలబడేలా చూడటం.

వినడానికి తేలికైన పని. ఒక పక్క భారతీయ పాస్‌పోర్టులు, ఇంకో పక్క విదేశీ పాస్‌పోర్టులు అని పెద్ద బోర్డులున్నాయి. అవి చదవగలిగినవాడికి నా అవసరం ఏముంటుందని అనుకున్నాను.

చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం రెండు విమానాలు వెంటవెంటనే దిగి హాలు నిండిపోయింది. ఒక స్త్రీ ఆరేళ్ల పాప చెయ్యి పట్టుకుని ఈ వరుస నుంచి ఆ వరుసకు, అక్కణ్ణుంచి మళ్లీ ఇటు తిరగడం గమనించాను. ఆమె చేతిలో ఉన్నది ఫిలిప్పీన్స్ పాస్‌పోర్టు. ఇంగ్లీషులో మాట్లాడబోయాను.

“నేను తాండూర్ల ఉంటా సార్,” అంది. “పెండ్లయినకాడి నుంచి ఆడ్నే. గీ ఫారినోళ్ల లైన్ల నన్నెందుకు నిలవెడ్తున్రు? ఈడ నిలవడితె పాపను అటు పొమ్మంటున్రు, ఆడికి పోతె నన్ను ఇటు పొమ్మంటున్రు.”

ఆ ముఖానికి, ఆ మాటకు పొత్తు కుదరక నాకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. పేరు మరియం. గల్ఫ్‌లో పనిచేసేటప్పుడు తాండూరుకు చెందిన రఫీక్‌ను నిఖా చేసుకుని అతనితో వచ్చేసింది. అతనికి నాపరాయి పాలిష్ పట్టే చిన్న యూనిట్ ఉంది. కన్నతల్లిని చూడటానికి పాపతో మనీలా వెళ్లి తిరిగి వస్తోంది. తండ్రి భారతీయుడు, పాప పుట్టిందీ తాండూరులోనే కాబట్టి దానిది భారత పాస్‌పోర్టు.

చిక్కు అక్కడే వచ్చింది. భారతీయుల కౌంటర్‌లో తల్లిని వద్దన్నారు. విదేశీయుల కౌంటర్‌లో పాపను వద్దన్నారు. ఆ వరుసల దగ్గరున్న ఇద్దరు కానిస్టేబుళ్లూ బోర్డులో రాసిందే చెప్పారు. ఆమె తన నివాస అనుమతి చూపించింది. అది మా జిల్లా కార్యాలయం ఇచ్చినదే. మా జిల్లాలో ఆమె నివాసి అని మేమే ఒప్పుకున్నప్పుడు, ఇక్కడ విదేశీయురాలు ఎలా అవుతుందో నాకే తోచలేదు. నివాసి అంటే మనవాళ్ల వరుసే కదా అని ఒక మనసు, పాస్‌పోర్టు చూడమని ఇంకో మనసు.

అంతలో ఆమె ఫోను మోగింది. రెండు మాటలు విని ఫోను నా చేతికిచ్చింది. అవతల రఫీక్.

“సార్, మా అమ్మ పొద్దున పానమిడిసింది. వీళ్లు అప్పుడు విమానంల ఉన్నరు. పెద్దలు సాయంత్రం అసర్ నమాజ్ అయినంక కబరస్తాన్‌కు తీస్కపోతమంటున్రు. మావోళ్లు బయటికొచ్చేసరికి మస్తు టైమైతదా?”

అక్కణ్ణుంచి తాండూరుకు చేవెళ్ల, వికారాబాద్ మీదుగా కారు ఎంత తొందరగా నడిపినా రెండున్నర, మూడు గంటలు పడుతుంది. విదేశీయుల వరుస చూస్తే తోక కనిపించడం లేదు. పాప నా యూనిఫాం పట్టుకుని లాగింది. “అంకుల్, దాదీ బయటికొచ్చిందా? మమ్మీ చెప్తలేదు,” అని నాయనమ్మ కోసం అడిగింది. మరియం ముఖం పక్కకు తిప్పుకుంది.

షిఫ్టు ఇన్‌ఛార్జి సుజాత మేడం దగ్గరికి వెళ్లాను. హోదాలో నాకంటే పెద్దావిడ, ఇమ్మిగ్రేషన్‌లోనే పెరిగిన అధికారి. నేను నివాస అనుమతి గురించి మొదలుపెట్టగానే ఆపేసింది.

“ఎక్కడ ఉంటుందో వదిలెయ్యండి. ఆమె చేతిలో ఏ దేశం పాస్‌పోర్టు ఉంది? విదేశీ. అయితే విదేశీ కౌంటరే. ఆమె వేలిముద్రలు తీసుకునేది అక్కడే. పాప తల్లితోనే వెళ్తుంది. భారత పాస్‌పోర్టును ఏ కౌంటర్‌లోనైనా పంపొచ్చు.”

అనడమే కాదు, ఖాళీగా ఉన్న కౌంటర్ ఒకటి తెరిపించి తల్లీబిడ్డలను తనే తీసుకెళ్లింది. ముందున్న ప్రయాణికుల్లో ఒకాయన గొణిగాడు. చావు సంగతి చెప్పాక పక్కకు జరిగాడు. ముద్రలు పడ్డాక మరియం పాపను ఎత్తుకుని సామాను బెల్టు వైపు చూడకుండానే బయటికి నడిచింది. పెట్టెలు తర్వాత పంపించాం.

మర్నాడు రఫీక్ ఫోను చేశాడు. “మస్జిద్ పెద్దలను బతిమాలితె పొద్దుగూకినంక మగ్రిబ్ నమాజ్ దాకా ఆపిన్రు సార్. మరియం ఆఖరి చూపు చూస్కున్నది. మా అమ్మకు సొంత బిడ్డ లెక్కుండె ఆమె.”

ఆ తర్వాతి ఏడాది మరియం మళ్లీ హాల్లో కనిపించింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే విదేశీయుల వరుసలో నిలబడి, నన్ను గుర్తుపట్టి పలకరించింది. “గీ సారి కరెక్ట్ నిలవడ్డ కద సార్?”

పాస్‌పోర్టుతో పాటు ఆమె చేతిలో కొత్తగా ఓసీఐ కార్డు ఉంది. భారతీయుణ్ణి పెళ్లాడిన విదేశీయులు కొన్నేళ్ల తర్వాత తీసుకోగలిగిన కార్డు అది. అది ఉంటే మాటిమాటికీ వీసా అక్కర్లేదు. ఆ కార్డు ఉన్నవాళ్లను మేము భారతీయుల పక్కనున్న కౌంటర్‌కు పంపేవాళ్లం. ఆ మాటే చెప్పాను.

“ఇల్లు గదే, పాస్‌పోర్ట్ గదే. లైన్ మాత్రం మారిందా?” అని నవ్వింది. మారిందన్నాను. ఆమె చేతిలోని ఓసీఐ కార్డు చూపించి, దాని వల్లేనని చెప్పాను.

ఉండే ఊరు ఒకటి, పాస్‌పోర్టు ఒకటి, చేతిలోని అనుమతి ఒకటి. వరుస ఏదో తేల్చేవి పాస్‌పోర్టు, ఓసీఐ లాంటి కార్డు. ఊరు కాదు. ప్రయాణికులు మాత్రం ఊరును బట్టే నిలబడతారు, వాళ్లకు తోచేది అదే. కాబట్టి ఫ్లోర్ డ్యూటీలో ఉన్నవాడు బోర్డును చూపించి ఊరుకోకూడదు. ఏ పాస్‌పోర్టు, ఏ కార్డు అని అడగాలి. వెంట పిల్లలుంటే వాళ్లది ఏ పాస్‌పోర్టో అన్నిటికంటే ముందు అడగాలి. రిటైరయ్యేదాకా నేను ఆ వరుసల మొదట్లో నిలబడి అదే అడిగాను.