డెరిన్‌కుయు మెట్ల మీద జెరోమ్

చర్చి ఫాదర్ వెంట టర్కీకి పోయే ఇరవైమంది యాత్రికుల్లో ఆంథోనీ కూడా ఉన్నాడని ముందే తెలిస్తే జెరోమ్ అసలు బయల్దేరేవాడు కాదు. బెంగళూరు విమానాశ్రయంలో ఆ తెల్లమీసాలు కనబడగానే వెనక్కి తిరిగాడు. సాగనంపడానికి వచ్చిన కూతురు షర్మిల చెయ్యి పట్టి ఆపింది.

"ఎన్నేండ్లనుంచి ఆశపడినావు నాయినా! ఆయప్ప కోసమా పోతా ఉండావు?"

నిజమే. కె.జి.ఎఫ్. బంగారు గనులు మూతపడ్డాక జెరోమ్ రోజూ మారికుప్పం రైలెక్కి బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోయేవాడు. అక్కడి ఆఫీసు క్యాలెండర్లో ఒక బొమ్మ చూశాడు. టర్కీలో ఎప్పుడో మనుషులు నేల కింద ఎనిమిది అంతస్తుల లోతున తొలిచిన ఊరు, పేరు డెరిన్‌కుయు. చచ్చేలోగా ఒకసారి అందులో దిగాలనుకున్నాడు.

గనిలో జెరోమ్‌ది కట్టెల పని. తవ్విన చోట పైరాయి కూలకుండా దుంగలు నిలబెట్టాలి. 1993లో ఒక పొద్దున, పైరాయి చిటపటమంటోందని, ఎవరినీ లోపలికి పంపొద్దని జెరోమ్ అప్పటి షిఫ్టు అధికారి అయిన ఆంథోనీకి చెప్పాడు. ఆంథోనీ వినకుండా నలుగురిని పంపాడు. రాయి పేలింది. ఆ నలుగురిలో ఒకడు జెరోమ్ తమ్ముడు చౌరప్ప. అతని శవం మూడో రోజుకు గానీ పైకి రాలేదు. విచారణలో ఆంథోనీ, తనకెవరూ ఏమీ చెప్పలేదని, కట్టెలే సరిగ్గా నిలబెట్టలేదని వాంగ్మూలమిచ్చాడు. కాగితం మీద అదే నిలిచింది. తమ్ముణ్ణి చంపుకున్నవాడన్న పేరు జెరోమ్‌కు మిగిలింది. చౌరప్ప భార్య సెలీన్ గడప అతను మళ్లీ తొక్కలేదు.

ఇస్తాంబుల్‌లో మూడు రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఒకప్పటి చర్చి ఆయాసోఫియా గుమ్మటం కింద అతనొక మూల, ఇతనొక మూల. బస్సులో మాత్రం ఆంథోనీ నోరు మూతపడేది కాదు. గనిలో రెండు మైళ్ల లోతు దిగిన కథలన్నీ వినిపించేవాడు. జెరోమ్ పళ్లు బిగబట్టి కిటికీలోంచి చూసేవాడు.

డెరిన్‌కుయులో దిగాక జెరోమ్ అతణ్ణి కాసేపు మరిచిపోయాడు. గోడల మీది ఉలి గాట్లను వేళ్లతో తడిమాడు. మెత్తని రాయి, దుంగల అవసరమే లేదు. దారికి అడ్డంగా దొర్లించే గుండ్రటి రాతి తలుపులు చూశాడు. గాలి కోసం తవ్విన నిలువు బావి దగ్గర అరచెయ్యి పెడితే చల్లగా తగిలింది.

"ఎవురో గానీ పని తెలిసినోళ్లు," అన్నాడు పైకే.

పైకొచ్చే మెట్ల దారిలో ఒకరి వెనక ఒకరు వంగి నడవాలి. జెరోమ్ ముందున్నాడు. అతని వెనక ఆంథోనీ, ఆ వెనక ముగ్గురు ఆడవాళ్లు, చివర ఫాదర్.

"మెల్లిగా రాండమ్మా," అన్నాడు ఆంథోనీ నవ్వుతూ. "ముందర పోయేది జెరోమ్. వాడు నిలబెట్టిన కట్టెల కింద ఎవురూ బతకలేదు."

జెరోమ్ ఆగాడు. వెనక్కి తిరిగి రెండు గోడలకూ చేతులు ఆనించాడు.

"ఆ పొద్దు రాయి మాట్లాడుతా ఉండాదని నీకు చెప్పినానా, లేదా?"

"నవ్వులాటకన్నానురా. నడువు."

"చెప్పినానా, లేదా?"

"దారి విడు. నాకు ఊపిరి ఆడలేదు."

"జెరోమ్, జరుగప్పా!" ఫాదర్ కింది నుంచి అరిచాడు. ఆడవాళ్లలో ఒకామె ఏడుపు అందుకుంది. జెరోమ్ కదల్లేదు. ఆంథోనీ ముఖమంతా చెమట పట్టింది.

"చెప్పినావు," అన్నాడు చివరికి. "పని తగ్గిందని పైనోళ్లు నా మీద పడినారు. నేనే పంపినాను."

"విచారణలో?"

"అబద్ధం చెప్పినాను. ఇంగ విడరా!"

జెరోమ్ తిరిగి మెట్లెక్కాడు. చెయ్యి అందించలేదు.

బయట ఎండలో కూర్చుని నీళ్లు తాగాక ఆంథోనీ మాట మార్చాడు. "గాలి ఆడక ఏదో వాగినాను. అది నిజమైపోతాదా?"

ఫాదర్ జెరోమ్ మీద మండిపడ్డాడు. "ముసలాయన చచ్చిపోయుంటే?"

"నా తమ్ముడు చచ్చే పోయినాడు గదా ఫాదర్."

ఆ తరవాత బస్సులో అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. బైబిల్లో వినిపించే ఎఫెసు ఊళ్లో, పాత ఆరుబయటి నాటకశాలలో అందరూ కింద నిలబడి కీర్తన పాడుతుంటే, జెరోమ్ అన్నిటికన్నా పై వరస రాతిమెట్టు మీద ఒంటరిగా కూర్చున్నాడు. చేసినదానికి అతనికి పశ్చాత్తాపం కలగలేదు.

ఊరు చేరిన మర్నాడే సెలీన్ ఇంటికి పోయి, గడప బయటే నిలబడి, జరిగిందంతా చెప్పాడు. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది.

"దీనికి అంత దూరం పోవల్లా బావా? ఆయప్పా ఈ ఊర్లోనే ఉండె. నువ్వూ ఈ ఊర్లోనే ఉంటివి."

"నువ్వు నన్ను తప్పు పట్టినావనుకున్నా."

"కట్టెలకు పట్టలేదు. నీ కట్టెల కిందయితేనే పని చేస్తానని మా ఆయన అంటా ఉండె. ఇద్దరు బిడ్డల్ని పెట్టుకోని నేనొక్కదాన్నే అల్లాడతా ఉంటే, ఇన్నేండ్లు ఒక్కరోజన్నా ఇట్ల తొంగి చూస్తివా? దానికి పట్టినాను. ఇంగా తప్పు పడతాను."

ఆమె గిన్నె తీసుకుని లోపలికి పోయింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. కొంతసేపు ఎండలో నిలబడి, జెరోమ్ చెప్పులు విడిచి లోపలికి పోయి నేల మీద కూర్చున్నాడు. సెలీన్ అతని వైపు చూడకుండా పొయ్యి వెలిగించింది.